కంపెనీ మనిషి

"ఒకసారి మిషన్ తొక్కి చూపిస్తారా అమ్మా?"

గుమ్మం దాటి లోపలికొచ్చి నిమిషమైనా కాలేదు. అతను అడిగిన మొదటి మాటే అది.

టైలరమ్మకి ఒళ్ళు మండిపోయింది.

నాలుగు నెలల కిందట, రోడ్డు వారగా నడుస్తున్న ఆమెను ఓ కారు గుద్దేసింది. కుడి తొడ ఎముక రెండు చోట్ల విరిగింది. లోపల రాడ్డు వేశారు. ఎముకైతే అతుక్కుంది గానీ మోకాలు సగం వరకే వంగుతోంది. స్టూలు మీద పావుగంట కూర్చోలేదు. పదహారేళ్ళుగా ఆ ఇంటికి అన్నం పెట్టిన కాలు అది.

నష్టపరిహారం కోసం కేసు వేసింది.

ఆమే కారుకి అడ్డం పరిగెత్తిందని ఇన్సూరెన్సు కంపెనీ అడ్డగోలు వాదన. ఆ కంపెనీ పంపిన మనిషే ఇప్పుడు ఎదురుగా నిలబడ్డాడు.

"ఏం, నమ్మకం లేదా?" అందామె.

"నమ్మకం సంగతి కాదమ్మా. నేను రిపోర్టు రాయాలి. చూడంది రాయను."

పంటి బిగువున మిషన్ ముందు కూర్చుంది. పాదం ఆనించి తొక్కింది. చక్రం నాలుగు చుట్లు తిరిగేసరికి మొహమంతా చెమట పట్టేసింది. అయిదో చుట్టుకి పెదవి కొరుక్కుంది.

అతను ఫోనుతో మోకాలిని ఫోటో తీశాడు.

"చాలమ్మా, ఆపెయ్యండి."

వంటింట్లోంచి వదిన దూసుకొచ్చింది.

"మీ ఇంట్లో ఆడవాళ్ళ కాలు విరిగినా ఇలాగే ఆడించి ఫోటోలు తీస్తావా?"

అతను ఫోను జేబులో పెట్టుకున్నాడు. మెట్లు లెక్కపెట్టుకుంటూ కిందికి దిగిపోయాడు.

"చూశావా? మెట్లు కూడా లెక్కేస్తున్నాడు! ఇన్ని మెట్లు ఎక్కే మనిషికి ఏం రోగం అని రాస్తాడు చూడు," అంది వదిన.

ఆ రోజే అతనికి 'డేగ' అని పేరు పెట్టింది.

డేగ మళ్ళీ వచ్చింది. ఈసారి ఇంటికి కాదు, వీధికి. ఆమె దగ్గర జాకెట్లు కుట్టించుకునేవాళ్ళని అడిగాడు. ఇల్లుగలాయన్ని అడిగాడు. కారు గుద్దిన మలుపులో మందుల షాపుంది. ఆ షాపాయనతో గంటసేపు మాట్లాడాడు.

"వీధంతా నీ గుట్టు లాగుతున్నాడే అమ్మాయ్," అంది వదిన.

టైలరమ్మకి తలెత్తుకోలేనట్టయింది. తనేదో దొంగతనం చేసి దొరికిపోయినట్టు.

మూడోసారి అతను తలుపు తట్టాడు. ఆమె సగమే తెరిచింది.

"ఒక్క మాట చెప్పి పోతానమ్మా. కంపెనీవాళ్ళు మిమ్మల్ని రాజీకి పిలుస్తారు. సంతకం పెట్టొద్దు. వచ్చే నెల వాయిదా దాకా ఓపిక పట్టండి."

"ఎందుకు పట్టాలి?"

"ఇప్పుడు ఇంతకన్నా చెప్పకూడదు."

"మీకు జీతం ఇచ్చేదెవరు?"

"కంపెనీయే."

"మరి నా మేలు మీకెందుకు?"

అతను నోరు తెరిచాడు. ఆ లోపే ఆమె ధడాలున తలుపేసింది.

రెండు రోజులకే కంపెనీ నుంచి కబురొచ్చింది, రాజీకి.

లాయరుని అడిగితే చప్పరించేశాడు. "ఆ రోజు రోడ్డు నిండా జనమే. కోర్టుకి రమ్మంటే ఒక్కడూ రాడు. సాక్షి లేకుండా నేను మాత్రం ఏం చెయ్యను? పోరాడితే ఏళ్ళు పడుతుంది. ఓడితే చిల్లిగవ్వ రాదు. తర్వాత మీ ఇష్టం."

రాత్రంతా ఆమెకి నిద్ర పట్టలేదు. తెల్లారగానే వదిన దగ్గర కూర్చుంది.

"ఏం చెయ్యమంటావు వదినా?"

"ఇందులో ఆలోచించడానికేముంది? వాడు వద్దన్నాడంటే, పెడితే మనకే లాభమన్నమాట. పగవాడు తూర్పు చూపిస్తే మనం పడమర నడవాలి."

ఆ మాట ఆమెకి సబబుగానే తోచింది.

కంపెనీ ఆఫీసులో మేనేజరు కుర్చీ లాగి కూర్చోబెట్టాడు. కలం కూడా తనే మూత తీసి అందించాడు.

"దీంతో కేసు అయిపోయినట్టేనమ్మా. మళ్ళీ కోర్టు గడప తొక్కక్కర్లేదు."

ఆమె సంతకం పెట్టింది.

వచ్చిన డబ్బు వచ్చినట్టే ఆసుపత్రి బాకీకి పోయింది. మోకాలు పూర్తిగా వంగాలంటే ఇంకో ఆపరేషన్ కావాలన్నాడు డాక్టరు. దాని ఊసు ఎత్తడం ఆమె మానేసింది. మిషన్ మీద దుప్పటి కప్పేసింది. వదినే నాలుగిళ్ళలో పనికి కుదిరింది.

నెల తిరిగింది. ఎక్స్‌రేలు, కాగితాలు తిరిగిచ్చేయడానికి లాయరు గుమాస్తా ఇంటికొచ్చాడు.

"నిన్న మీ వాయిదా రోజు కదమ్మా. రాజీ అయిపోయిందని మనవాళ్ళెవరూ రాలేదు. ఒకాయన మాత్రం వచ్చాడు. మీ కేసు ఎప్పుడు పిలుస్తారని నన్ను మూడుసార్లు అడిగాడు."

"ఎవరాయన?"

"ఆ కంపెనీ మనిషే."

వదిన మొహం చిట్లించింది. "అంతా అయిపోయాక ఆ డేగకి ఇంకేం కావాలిట?"

"ఇప్పుడు కంపెనీ మనిషి కాదమ్మా. ఉద్యోగం మానేశాడట. అందులో ఉంటే కంపెనీకి ఎదురు నోరెత్తనివ్వరుగా."

టైలరమ్మ గోడ పట్టుకుని లేచింది. "ఎదురా?"

"మందుల షాపు కెమెరాలో అంతా ఉందట. కారే రోడ్డు దిగొచ్చి మిమ్మల్ని గుద్దిందని రిపోర్టు రాశాడట. మార్చి రాయమంటే రాయనన్నాడట. రాజీ సంగతి ఆయనకి తెలీదు పాపం. నేను చెబితే చాలాసేపు కోర్టు వరండా బెంచీ మీదే ఉండిపోయాడు."

ఆమె ఒక అడుగు ముందుకేసింది. "నిన్న ఆయన ఎందుకొచ్చినట్టు?"

గుమాస్తా ఎక్స్‌రేలు బల్ల మీద పెట్టాడు.

"మీ తరఫున సాక్ష్యం చెప్పడానికమ్మా."