ఆరు భుజాల బల్ల

మా పాత భోజనాల బల్ల దీర్ఘచతురస్రం. పొట్టి భుజం దగ్గర అత్తగారు కూర్చుని పెత్తనం చేసేవారు. నేను నిలబడి వడ్డించి, అందరి తరవాత తినేదాన్ని.

దాని కాలు విరగ్గానే కొత్త బల్ల నేనే చేయించాను. క్రమ షడ్భుజి. ఆరు భుజాలూ సమానం, ఆరు కోణాలూ సమానం. బళ్లో పిల్లలకు చెప్పే పాఠాన్ని ఇంట్లో చెక్కతో చెప్పానని మురిసిపోయాను.

అత్తగారు బల్ల చుట్టూ ఒకసారి తిరిగి చూశారు.

"దీనికి పెద్ద వైపు ఏదే అమ్మాయ్?"

"పెద్దా చిన్నా లేవత్తయ్యా. ఎవరెక్కడ కూర్చున్నా ఒకటే. ఇక నేనూ మీతోపాటే తింటాను."

"తిను. నిన్నెవరు వద్దన్నారు?" అంటూ ఆవిడ ఫ్యాను కింద కుర్చీ లాక్కున్నారు. "ఎక్కడైనా ఒకటే అంటున్నావుగా, ఆ వంటింటి గుమ్మం వైపు కూర్చో. లేచి వడ్డించడానికి వీలుగా ఉంటుంది."

నీళ్లకని ఒకరు, ఉప్పుకని ఒకరు లేపుతూనే ఉన్నారు. నా కంచం చల్లారిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం అత్తగారు కునుకు తీస్తుంటే, కసికొద్దీ బల్లను ఒక భుజం మేర తిప్పేశాను.

క్రమ షడ్భుజి కదా, తిప్పినట్టే తెలియలేదు.