మతిమరుపు కంప్యూటర్

బుజ్జమ్మా,

రేషన్ కార్డుల ఆఫీసులో కంప్యూటర్‌కి మతిమరుపట. కాసేపు ఊరుకుంటే నీ వివరాలన్నీ మరిచిపోయి మళ్ళీ మొదటినుంచి అడుగుతుంది. అందుకే నేను కళ్ళజోడు వెతుక్కున్నాను, దగ్గాను, మంచినీళ్ళు అడిగాను.

"పేజీ పోయింది పెద్దమ్మా. మీ అమ్మాయి పేరు మళ్ళీ చెప్పండి," అంటూ గుమాస్తా తల పట్టుకున్నాడు.

చెప్పాను. పుట్టినరోజు చెప్పాను. నీది ఉంగరాల జుట్టని అడక్కపోయినా చెప్పాను.

"ఇలాగైతే తెల్లారినట్టే. అన్నీ ఎందుకు, మార్చాల్సిన గడి ఒక్కటే మార్చేద్దాం," అన్నాడు.

ఆ గడిలో ఇంకా 'బతికి ఉన్నారు' అనే ఉంది.

నేను ఏడుస్తానని ఇంట్లో ఎవరూ నీ పేరెత్తరు. అడిగేవాడు ఇతనొక్కడే. అది మార్చేస్తే ఇతనూ అడగడు.

"కళ్ళు తిరుగుతున్నాయి నాయనా, రేపొస్తా," అని అబద్ధమాడి వచ్చేశాను.

వేళకు కడుపునిండా తిను తల్లీ.