రెండడుగుల సందు

మూడో అంతస్తుకు చేరకుండానే లిఫ్ట్ ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది.

లోపల ఇద్దరే ఉన్నారు. ఒకడు దర్జీ, లావుపాటి మనిషి. రెండోవాడు ఎండుపుల్లలాంటి ముసలాయన.

పైన నాలుగో అంతస్తు హాల్లో నలుగురు వాద్యగాళ్ల జట్టు ఆఖరి కచేరీ. సాయంత్రం నాలుగింటికి మొదలు. ఇంకా పది నిమిషాలే ఉంది.

దర్జీ ఆ జట్టు వెంట ఇరవై రెండేళ్లుగా తిరుగుతున్నాడు. వాళ్లు ఏ ఊళ్లో వాయిస్తే షాపు మూసి ఆ ఊరికి పోయేవాడు. చేతిలో పెళ్లిబట్టలున్న వారం కూడా పోయాడు. నన్నెందుకు చేసుకున్నావు, ఆ గిటారునే చేసుకోకపోయావా అని భార్య దెప్పేది. ఆమె అన్నదాంట్లో తప్పు లేదని అతనే ఒప్పుకునేవాడు.

ఆ జట్టు ఏ పాటనూ రెండుసార్లు ఒకేలా వాయించదు. పాట ఎత్తుకుని నలుగురూ నాలుగు దారుల్లో పోతారు. పావుగంట, అరగంట, ఎవరి దారి వారిదే. ఇక తప్పిపోయారు అనుకునేసరికి నలుగురూ ఒకే దెబ్బమీద పాటలోకి వచ్చి పడతారు. ఆ ఒక్క దెబ్బ కోసమే దర్జీ రాత్రనక పగలనక బస్సుల్లో నిలబడి పోయాడు.

ముసలాయన్ని అతను చూడగానే గుర్తుపట్టాడు. పట్టకేం? ఆరేళ్లుగా ప్రతి కచేరీలోనూ వేదికకు ఎదురుగా నిలబడి చెయ్యెత్తి ఊపుతూనే ఉంటాడు. ఆ చెయ్యి అడ్డమొచ్చి, వెనకున్న దర్జీకి గిటారాయన ముఖం నిండుగా కనబడిందే లేదు. కోపంకొద్దీ జెండా తాత అని పేరు పెట్టుకున్నాడు.

లిఫ్ట్ తలుపు తెరుచుకుంది గాని ఎదురుగా గోడే. పైన మాత్రం మూడో అంతస్తు నేలకూ లిఫ్ట్ కప్పుకూ మధ్య రెండడుగుల సందు ఉంది.

అందులోంచి వాచ్‌మన్ తల వంచి చూశాడు. మెకానిక్ రావడానికి గంట పడుతుందన్నాడు. దర్జీ పొట్ట ఆ సందులో పట్టదు గాని బక్కాయన దూరి రావచ్చు, కింద నుంచి కాస్త ఎత్తితే తాను పైనుంచి అందుకుంటానన్నాడు.

ముసలాయన అప్పటికే చెప్పులు విప్పేశాడు.

"ఒక్కసారి ఎత్తు నాయనా."

దర్జీ కదల్లేదు.

"దూరుతుండగా లిఫ్ట్ కదిలితే రెండు ముక్కలవుతారు పెద్దాయనా. ఊరుకోండి."

"కదిలితే కదలనీ. నేను పోవాలి."

దర్జీ అన్నదీ నిజమేనని వాచ్‌మన్ తల గోక్కుని, మెకానిక్‌కి మళ్లీ ఫోన్ చేయడానికి వెళ్లిపోయాడు.

నిజానికి దర్జీకి ఆ భయం అంతగా లేదు. ఇరవై రెండేళ్లు తిరిగిన తాను ఈ పెట్టెలో పడి ఉండగా, నిన్నగాక మొన్న వచ్చినవాడు పైకి పోయి ఆఖరి కచేరీ చూడటమా అన్నదే అతని బాధ.

పైన చప్పట్లు మోగాయి. పాట మొదలైంది.

ముసలాయన సందు అంచు పట్టుకుని ఎగబాకబోయాడు. మోచేతులు నిలవలేదు. జారి కూలబడ్డాడు.

"అతను నా కోసం చూస్తుంటాడు" అన్నాడు.

దర్జీకి నవ్వొచ్చింది.

"అందరం అలాగే అనుకుంటాం. పదమూడేళ్ల కిందట ఒకసారి గిటారాయన నాకేసి తల ఊపాడు. నన్ను చూసే ఊపాడని మా ఆవిడకి ఇప్పటికీ చెబుతాను. నా వెనకాలే టీ అమ్మేవాడు ఉన్నాడని మాత్రం చెప్పను."

ముసలాయన ఏదో చెప్పబోయి పెదవులు బిగించాడు.

ఊరికే కూర్చోలేక దర్జీ పాత కచేరీలన్నీ చెప్పుకొచ్చాడు. కరెంటు పోతే డ్రమ్ములు ఒక్కటే ముప్పావుగంట నడిచిన రోజు. వానకు జనమంతా పారిపోతే మిగిలిన పదకొండుమందికి రెండు గంటలు వాయించిన రోజు. ఆ పదకొండుమందిలో తానొకడు. ముసలాయన విన్నట్టు లేదు. చూపంతా కప్పుమీదే ఉంది.

పైన నలుగురూ నాలుగు దారులు పట్టారు.

పావుగంటకు డ్రమ్ములు వెనక్కి మళ్లాయి. ఇద్దరు వచ్చి కలిశారు. దెబ్బ పడింది. గిటారు రాలేదు.

ముగ్గురూ మరో చుట్టు తిరిగి వచ్చారు. మళ్లీ దెబ్బ పడింది. గిటారు ఇంకా దూరం పోతూనే ఉంది.

దర్జీకి ఒళ్లు పులకరించింది.

"విన్నారా? ఆఖరి రోజని ఎవరికీ అందకుండా పోతున్నాడు."

ముసలాయన గోడకు ఆనుకుని, చెయ్యి పైకెత్తి, కప్పుకేసి కిందికీ మీదికీ ఊపుతున్నాడు. కళ్లవెంట నీళ్లు కారుతున్నాయి. పాపం, పిచ్చి ముదిరింది అనుకున్నాడు దర్జీ.

ఒకరి వెనక ఒకరు ముగ్గురూ ఆపేశారు. గిటారు ఒక్కటే చాలాసేపు మోగింది. పైన ఎవరో ఈల వేశారు. ఎవరో నవ్వారు. తర్వాత చాలామంది నవ్వారు. అప్పుడు గిటారు పుటుక్కున ఆగిపోయింది.

ఆ నవ్వెందుకో దర్జీకి అర్థం కాలేదు.

మెకానిక్ వచ్చి లిఫ్ట్‌ను మూడో అంతస్తుకు చేర్చేసరికి హాలు ఖాళీ అవుతోంది. ముసలాయన పైకి పోలేదు. చెప్పులు చేత పట్టుకుని, దర్జీ ముఖం చూడకుండా, మెట్లు దిగి జనంలో కలిసిపోయాడు.

అంతలో డ్రమ్ములాయన చెమట చొక్కాతోనే పైనుంచి పరుగున దిగి వచ్చాడు. చెయ్యి ఊపే పెద్దాయన ఎక్కడైనా కనబడ్డారా అని అడిగాడు.

"ఇప్పటిదాకా నాతోనే లిఫ్టులో ఇరుక్కుని ఉన్నారు. ఇప్పుడే వెళ్లిపోయారు. ఎందుకండీ?"

డ్రమ్ములాయన మెట్టుమీద కూర్చుండిపోయాడు. ఇక దాచి ఏం లాభం అన్నాడు.

"గిటారు వాయించే మా అన్నకి రెండు చెవులూ పోయి ఆరేళ్లయిందండీ. వెనక్కి తిరిగి మమ్మల్ని చూస్తే జనానికి తెలిసిపోతుందని, ఎదురుగా ఆ పెద్దాయన చెయ్యి చూసుకునే పాటలోకి వచ్చేవాడు."