బట్టల కత్తెర

"చివరి క్రెడిట్ కార్డు బాకీ కూడా తీరిపోయింది," అన్నాడు భర్త, లాటరీ తగిలినంత గొప్పగా.

టైలరమ్మ కుట్టుమిషను మీంచి తలెత్తలేదు. "సంతోషం. నా కుట్టుకూలంతా మింగి మీ పేరు బాగుపడింది."

ఫోను మోగింది. బ్యాంకు అమ్మాయి మాటలకి అతను వెన్నలా కరిగిపోయాడు.

"నా స్కోరు పెరిగిందట. నామీద నమ్మకం కుదిరి, కార్డు లిమిట్ రెట్టింపు చేస్తారట."

"కుదరదా మరి? మీతో కాపురం చేసేది వాళ్లు కాదుగా."

ఆమె బట్టల కత్తెర తీసి అతని చేతిలో పెట్టింది. కాగితం కోసినా పదును పోతుందని ఇన్నేళ్లూ అతన్ని ముట్టుకోనివ్వని కత్తెర అది.

అతను పర్సు తీసి, కార్డు పట్టుకుని నీళ్లు నమిలాడు. "ప్లాస్టిక్ కోస్తే మొద్దుబారదూ?"

"కోయండి. కత్తెరకైతే సాన పట్టించుకోవచ్చు."