పాప ఎత్తు

పాప పుట్టినరోజు ఫొటోలన్నీ అతను పిల్లల ఫొటోలు దాచుకునే, బట్టలూ అమ్మే ఒక యాప్‌లోనే పెట్టేవాడు. ఐదో ఏట పాప పోయిన సంగతి పెట్టడానికి మాత్రం చెయ్యి రాలేదు. యాప్‌కి ఆ సంగతి తెలియదు. ఏటా ఒక సైజు పెంచి గౌన్లు, చెప్పులు చూపిస్తూనే ఉంది.

"మళ్ళీ అదేనా? తీసెయ్యండని ఎన్నిసార్లు చెప్పాను!" అంది భార్య, చీకట్లో అటు తిరిగి పడుకుని.

"దాని లెక్కలో మనమ్మాయికి తొమ్మిదేళ్ళు నిండాయే."

కరెంటు పోయి ఫ్యాను చప్పుడు కూడా ఆగింది. ఫోన్లో కొత్త ప్రశ్న వెలిగింది. "మీ పాప ఇప్పుడు ఎంత ఎత్తుంది?"

అతను మంచం దిగి నిలబడ్డాడు. ఉంటే ఎంతుండేదో చూద్దామని గాలిలో చెయ్యి చాపి, భుజం దగ్గర్నుంచి మెల్లగా దించాడు.

ఛాతీ దాకా వచ్చేసరికి అరచేతికి మెత్తగా జుట్టు తగిలింది.

అతను చెయ్యి తియ్యలేదు.