కుజుమి గారి స్లైడు

కుజుమి గారి కోసం మినెకో ఒక అబద్ధపు స్లైడు వెతుకుతోంది.

ఆయన జీర్ణాశయం నుంచి తీసిన ముక్కను మైనంలో బిగించి, పల్చగా కోసి, రంగులు వేసింది ఆమే. మైక్రోస్కోపులో ముందు చూసిందీ ఆమే. వరసగా నిలబడాల్సిన కణాలు చెల్లాచెదురై ఉన్నాయి. కేంద్రకాలు ఉబ్బి, నల్లబడి, ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. కేన్సర్. సందేహమే లేదు.

ఆ మాట ఇంటివాళ్లకు చెబుతారు. రోగికి మాత్రం పుండు అంటారు. ఆ రోజుల్లో ఏ ఆసుపత్రిలోనైనా అదే ఆనవాయితీ. కుజుమి గారి కూతురు కూడా డాక్టరు ముందు నడుం వంచి, "నాన్నకు తెలియనివ్వకండి. తెలిస్తే ఆ రోజే మంచం పట్టేస్తారు" అని ఏడ్చింది.

కానీ ఈ రోగి మినెకో పనిచేసే ఇదే ల్యాబు గదిలో ముప్ఫై ఏళ్లు స్లైడులకు రంగులు వేసిన మనిషి. మినెకోకు పని నేర్పిన గురువు. "నా స్లైడు నేనే చూసుకుంటా" అని పట్టుబట్టి కూర్చున్నారు.

విద్యార్థులకు పాఠం చెప్పే స్లైడులున్న పాత పెట్టెలో మినెకోకు ఒక మంచి స్లైడు దొరికింది. 'పుండు, బోధనకు' అని చీటీ ఉంది. దాని మీద కుజుమి గారి పేరుతో కొత్త చీటీ అంటించింది.

మర్నాడు మధ్యాహ్నం వార్డు చెప్పులు ఈడ్చుకుంటూ ఆయన వచ్చారు. తన పాత స్టూలు మీదే కూర్చున్నారు.

"ఏమ్మా, ఇంకా ఇయోసిన్ చేతులకే పూసుకుంటున్నావా? స్లైడు కన్నా నీ వేళ్లే బాగా రంగెక్కాయి."

"మీ దగ్గర నేర్చుకున్న విద్యే కదా గురువుగారూ."

ఆయన నవ్వి, మైక్రోస్కోపు మీదికి వంగారు.

చాలాసేపు చూశారు. అంతసేపు చూడాల్సింది ఆ స్లైడులో ఏమీ లేదు.

"గ్రంథులు బుద్ధిగా నిలబడ్డాయి. కేంద్రకాలు చిన్నగా, నీలంగా ఉన్నాయి. కింద కండరాల జోలికి ఏదీ పోలేదు. ఉత్త పుండు."

"నేను ముందే చెప్పలేదూ!" మినెకో గొంతు అవసరం కన్నా గట్టిగా పలికింది.

"ఫుమియెను తీసుకుపోయిన జబ్బే నాకూ వచ్చిందనుకున్నాను."

ఫుమియె ఆయన భార్య. ఈ గదిలోనే ఆయన పక్క బల్ల దగ్గర పనిచేసేది. చివరిదాకా తనది పుండేననుకుంటూ, జీర్ణాశయం కేన్సర్‌తో పోయి పదకొండేళ్లయింది.

ఆయన మళ్లీ వంగి చూశారు. తలెత్తేసరికి కళ్లు తడిగా ఉన్నాయి.

"జైలీన్ ఘాటు అలవాటు తప్పింది," అంటూ తుడుచుకున్నారు. "రంగు ఎవరు వేశారు?"

"నేనే."

"నన్ను మించిపోయావు, దొంగపిల్లా."

ఆయన లేచి, శిష్యురాలి ముందు నడుం వంచారు. ఇన్నేళ్లలో అంత కిందికి ఎప్పుడూ వంగలేదు.

"నా కోసం చాలా శ్రమపడ్డావు. మా అమ్మాయికి చెప్పు, నాన్న నిశ్చింతగా ఉన్నాడని."

చెప్పుల చప్పుడు మెట్ల మీద ఆగిపోయేదాకా మినెకో నిలబడింది. తర్వాత నేల మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. గురువును మోసం చేసినందుకు ఏడ్చింది. ఆయన నమ్మినందుకు మరింత ఏడ్చింది.

కాసేపటికి మొహం కడుక్కుంది. స్లైడును తిరిగి పెట్టెలో పెట్టాలి కదా అని, తన చీటీ ఊడదీయడానికి గోరువెచ్చటి నీళ్లలో వేసింది. చీటీ ఊడింది. దానితోపాటు కిందున్న పాత చీటీ కూడా నాని ఊడి వచ్చింది.

ఆ రెంటి కిందా, గాజుకు అంటుకుని మూడో చీటీ ఉంది, దాని మీద కుజుమి గారి చేతిరాతలో 'ఫుమియె, నలభై ఆరేళ్లు, జీర్ణాశయం, ఉత్త పుండు' అని రాసి ఉంది.