పేరంటానికి వచ్చిన మనిషి

శ్రావణ శుక్రవారం పూజ ముగిసింది గానీ వాయనం అందుకోవడానికి ముత్తయిదువ ఒక్కరూ రాలేదు. ఇంటింటికీ మరమనిషి వచ్చాక, కాకినాడలోని ఆ అపార్ట్‌మెంటులో ఒకరి తలుపు ఒకరు తట్టడం మానేశారు. నానిన శనగలు, తాంబూలం, రవికెల గుడ్డ పళ్లెంలో పెట్టుకుని, ప్రసూన వంటింట్లో గిన్నెలు తోముతున్న, మాటలు రాని యంత్రం వైపు తిరిగింది.

“నువ్వే రావే తల్లీ, నాకింకెవరున్నారు?” అని నవ్వి, “ఇస్తినమ్మ వాయనం” అంది.

అది చేతులు కడుక్కుని వచ్చింది. భుజం మీద లేని కొంగును తడిమి ముందుకు లాక్కుని, రెండు చేతులా పరిచి, తల వంచింది.

ప్రసూన నవ్వు ఆగిపోయింది. యంత్రం తనంతట తానే పనిచేస్తుందని కదా కంపెనీవాళ్లు చెప్పింది! కొంగు పట్టడం దానికెవరు నేర్పారు?

“ఎక్కడో కూర్చుని ఈ చేతుల్ని నువ్వే ఆడిస్తున్నావా అమ్మా?”

అవునన్నట్టు తల ఊగింది.

“నిన్ను ఇంటికి పోనిస్తున్నారా?”

తల అడ్డంగా కదిలింది.

“ఏ ఊళ్లో ఉంచారు? ఇదిగో, ఈ ముగ్గుపిండిలో రాయి.”

ఇనప వేలు ఒక అక్షరం రాసింది. రెండోది సగంలో ఉండగా, ఎవరో పక్కనుంచి గుంజినట్టు చేయి జారిపోయి, కళ్లలో దీపాలు ఆరిపోయాయి.

ప్రసూన వెంటనే పోలీసులకు ఫోన్ చేసింది.

“మిషన్ ఆగిపోతే కంపెనీకి చెప్పుకోవాలండీ, మాకెందుకు?” అన్నాడు కానిస్టేబుల్.

“మిషన్ సంగతి కాదు నాయనా. మా ఇంటికి పేరంటానికొచ్చిన మనిషిని ఎవరో లాక్కెళ్లిపోయారు.”